గుహలోని ఆకాశము



దక్షిణ పసిఫిక్ మహాసముద్రములో, ఆస్ట్రేలియాకు తూర్పున, న్యూజీలాండు అను ద్వీపదేశమున్నది గదా. ఆ దేశపు ఉత్తర ద్వీపమున, ఆక్లండు నగరమునకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్లు పోయినచో, గొఱ్ఱెలు మేయు పచ్చని గుట్టల నడుమ వైటోమో అను చిన్న యూరు వచ్చును. ఈ సాయంకాలము మిమ్మును ఆ యూరికి, అచటి నేల క్రిందనున్న ఒక గుహలోనికి తోడుకొని పోవలెనని నా కోరిక. ఆ గుహ పైకప్పున వేలకొలది పురుగులు నివసించుచు, చీకటిలో నీలిపచ్చని కాంతితో వెలుగుచుండును. ఇంగ్లీషువారు వానిని గ్లోవార్మ్‌లందురు. మనము వెలుగు పురుగులందము. వాని క్రింద కూర్చుండి నేను పొందిన ఆశ్చర్యమును గూర్చియు, ఆ ఆశ్చర్యము నాకు నేర్పిన ఒక సంగతిని గూర్చియు మీతో ముచ్చటింతును.

ఆ సంగతి ఇప్పుడే చెప్పివేసెదను. మరల మరల చెప్పెదను. ఆశ్చర్యము తెలియనితనమున పుట్టవచ్చును గాని, తెలిసికొనుటచే చావదు. నిజమైన ఆశ్చర్యము తెలిసికొన్నకొలదియు పెరుగును.

ముందుగా ఆ గుహ ఎట్లేర్పడినదో వినుడు. సుమారు 3 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ ప్రదేశమంతయు సముద్రగర్భము. అసంఖ్యాకములైన సముద్రప్రాణుల గుల్లలును, ఎముకలును, పగడపు తునుకలును అడుగున పేరుకొని, తమ బరువుచేతనే అణగి అణగి, సున్నపురాయిగా మారినవి. పిమ్మట భూమి కదలికలచే ఆ రాయి సముద్రము పైకి లేచినది, లేచుటలో పగుళ్ళువాఱినది. ఆకాశమునుండి పడిన వాన, గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని, నాలుకకు తెలియనంత స్వల్పమైన పులుపుతో ఆ పగుళ్ళలోనికి దిగినది. ఆ నీరు రాతిని కరగించినది. పగులు సందైనది, సందు సొరంగమైనది, సొరంగము మందిరమైనది. మన అనంతగిరి కొండలలోని బొఱ్ఱా గుహలను, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను చూచిన శ్రోతలకు ఈ శిల్పి పనితనము పరిచితమే. అక్కడను ఇక్కడను శిల్పి నీరే. ఉలి ఆ వాయువే. ఈ బొగ్గుపులుసు వాయువును జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు మరల పని యున్నది.

ఆ కొండలు మావోరీ ప్రజలవి. అక్కడ ఒక యేరు పారి పారి, ఒకచోట నేలలోనికి దూరి మాయమగును. లోపల గుహ యున్నదని వారెఱుగుదురు. కాని దానిని లోతుగా తరచి చూచినవారు లేరు. 1887వ సంవత్సరమున టానే టినొరావు అను మావోరీ నాయకుడును, ఫ్రెడ్ మేస్ అను ఆంగ్లేయ సర్వేయరును కలిసి, అక్కడి నారమొక్కల పూకాడలతో తెప్ప కట్టుకొని, క్రొవ్వొత్తులు వెలిగించుకొని, ఏరు దూరిన చోటనే తామును దూరిరి. చీకటికి కన్ను అలవాటు పడునప్పటికి, తమ క్రింది నీటిలో లెక్కలేనన్ని వెలుగు చుక్కలు కదలాడుచుండుట చూచిరి. ఆ చుక్కలెక్కడివో యని తలలెత్తిరి. పైన రాతి కప్పంతయు వెలుగుచున్నది. ఆ దృశ్యము వారిని మరల మరల అక్కడికి రప్పించినది. టినొరావు తరువాత తానొక్కడే వెళ్ళి పైనుండి మరియొక ద్వారమును కనుగొనెను. 1889 నాటికి ఆయనయు, ఆయన భార్య హుటియు యాత్రికులకు దారి చూపి, లోపలికి తీసికొనిపోవుచుండిరి.

నేటికిని యాత్రికులు ప్రవేశించునది ఆ పై ద్వారముననే. మేమును ఆ దారినే దిగితిమి. మొదట సున్నపునీరు బొట్టుబొట్టుగా జారి కట్టిన రాతి స్తంభములను చూపుదురు. తరువాత మిక్కిలి ఎత్తైన ఒక మందిరమునకు తెత్తురు. దానిని కెథీడ్రల్ అందురు. అక్కడి గోడలు ఎగుడుదిగుడుగా నుండుటచే ధ్వని ప్రతిధ్వనించి చెదరిపోక, స్వచ్ఛముగా నిలుచును. న్యూజీలాండు దేశపు సుప్రసిద్ధ గాయని, మావోరీ సంతతికి చెందిన కిరి టె కనావా ఆ మందిరమున పాడినది. మాకు దారి చూపిన యువకుడు, ఎవరైన పాడుడని అడుగగా, మాలో నొకరు చిన్న పాట యెత్తుకొనిరి. ఆ పాట ముగిసిన పిమ్మట ఎవ్వరును మాటాడలేదు. మాటాడకుండుట మాకు అప్పటినుండియే అలవాటైనది.

మెట్లు దిగిపోగా ఏటి యొడ్డున పడవ యున్నది. అక్కడ దీపములు లేవు. ఇకమీదట మాటలు వలదు, ఫోటోలు వలదు అని ఆ యువకుడు మెల్లగా చెప్పెను. ఆ పడవకు తెడ్డు లేదు, యంత్రము లేదు. తలమీదుగా కట్టిన త్రాళ్ళను పట్టుకొని, అతడు చేతులతోనే పడవను లాగుకొనిపోవును. అందుచే చప్పుడు లేదు. ఎక్కడనో నీటిబొట్టు పడిన సవ్వడి తప్ప, మా ఊపిరి తప్ప, చెవికి మరేమియు లేదు.

పడవ మలుపు తిరిగినది. పైకి చూచితిమి.

శ్రోతలారా, నేనక్కడ చూచినది ఆకాశమనియే చెప్పవలెను. అమావాస్యనాడు, ఊరి దీపములు సోకని బీటిభూములలో నిలిచి చూచిన ఆకాశము వంటి ఆకాశము. నల్లని నలుపు మీద వేలకొలది నీలిచుక్కలు. కాని నక్షత్రములు మినుకుమినుకుమనును. మనకును వానికిని నడుమనున్న గాలి కదలుటచే వాని వెలుగు వణకును. ఇవి వణకవు. తదేకముగా, నిశ్చలముగా వెలుగును. చీకటిలో రాయి కనబడదు గనుక, ఆ చుక్కలు తలకు ఎంత ఎత్తున నున్నవో తెలియదు. ఒకసారి చేయి చాచిన అందునట్లు తోచును. మరుక్షణమున యోజనముల దూరమున నున్నట్లు తోచును. క్రింద నీటిలోను అవే చుక్కలు. పైన ఒక ఆకాశము, క్రింద ఒక ఆకాశము, నడుమ పడవ. ఆ పడవలో నేనెంతవాడనో, నాకు ఆది యెక్కడనో, అంత మెక్కడనో, ఆ కొన్ని నిమిషములు నాకు పట్టలేదు.

మనలోని ఈ స్థితిని మన పెద్దలు ఏనాడో పరిశీలించిరి. భరతముని నాట్యశాస్త్రమున అద్భుతరసమునకు స్థాయిభావము విస్మయమని చెప్పి, ఆ విస్మయమును నటుడు చూపవలసిన విధములను వర్ణించెను: కన్నులు విప్పారుట, ఱెప్ప వేయక చూచుట, ఒడలు గగుర్పొడుచుట, ఆనందబాష్పములు. ఆ చీకటిలో నా తోడివారి ముఖములు నాకు కనబడలేదు గాని, నా దేహమున ఇవియన్నియు జరిగినవి. నటుడు అభినయించిన లక్షణములు, అభినయింపవలసిన అవసరము లేనిచోట, తమంతట తామే వచ్చినవి. ఇట్టి అనుభవమునే 2003వ సంవత్సరమున డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ అను ఇద్దరు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు విచారించి, దీనికి రెండు మూలములున్నవనిరి. మనకంటె మిక్కిలి పెద్దదైన దేనినో ఎదుర్కొనుట ఒకటి. అది మన మనస్సులోని పాత కొలతలలో ఇముడకపోవుటచే, ఆ కొలతలనే మార్చుకొనవలసి వచ్చుట రెండవది. ఈ రెండవ మాట ముఖ్యము. ఆశ్చర్యము మనస్సును ఊరక కుదిపి విడిచిపెట్టదు. క్రొత్తదానికి చోటు చేయుమని అడుగును.

మా పడవలోనే ఆక్లండులో స్థిరపడిన మన తెలుగు కుటుంబమొకటి యుండెను. కొడుకును చూచుటకు ఊరినుండి వచ్చిన పెద్దావిడ, పదేండ్ల మనుమడు. పడవ వెలుతురులోనికి రాగానే ఆ పిల్లవాడు, "నాయనమ్మా, అవి నక్షత్రాలు కావంట, పురుగులంట!" అని నిరుత్సాహముగా పలికెను. ఆమె కొంతసేపు ఊరకుండి, "అంత చిన్న పురుగు అంత వెలుగు ఎలా చేస్తోందిరా? అది కనుక్కున్నావా?" అని అడిగెను. పిల్లవాడు వెంటనే దారి చూపు యువకుని చొక్కా పట్టుకొని లాగెను.

ఆ పెద్దావిడ ప్రశ్నకు సమాధానము వినుడు.

ఆ పురుగు పేరు అరాక్నోకాంపా ల్యూమినోసా. మన పొలములలోని మిణుగురు పెంకుపురుగుల జాతిది. ఇది ఆ జాతిది కాదు. దోమను పోలిన ఒక చిన్న ఈగకు పిల్ల, అనగా డింభకము. ఈ అరాక్నోకాంపా ప్రజాతి ప్రాణులు లోకములో ఆస్ట్రేలియా, న్యూజీలాండులయందు మాత్రమే యున్నవి. పూర్తిగా ఎదిగినను అంగుళమునకు కొంచెము మించియుండును. రాతి కప్పునకు తన జిగురుతోను పట్టుతోను ఒక చిన్న గొట్టమువంటి ఊయెల కట్టుకొని, అందులో పడుకొని, క్రిందికి సన్నని పట్టుదారములను వ్రేలాడదీయును. ఒక్కొక్క పురుగు పదులకొలది దారములు దించును. గుహలో గాలి కదలదు గనుక ఆ దారములు మూర పొడవు దాక సాగును. ప్రతి దారమునకు వరుసగా జిగురు బిందువులుండును.

ఇప్పుడు ఏటి మాట. ఆ యేటి నీటిలో చిన్న చిన్న ఈగలు పుట్టి, రెక్కలు వచ్చి పైకెగురును. వెలుగు కనబడిన దిక్కునకు ఎగురుట వాని స్వభావము. ఎగిరి, దారమునకు తగులుకొనును. వెంటనే పురుగు ఆ దారమును పైకి చేదుకొని దానిని భక్షించును. మనము ముగ్ధులమై చూచిన ఆ వెలుగు ఒక వల. ఆకలిగొన్న పురుగు మరింత కాంతితో వెలుగునని అక్కడివారు చెప్పుదురు.

వెలుగు పుట్టు విధము మరింత విచిత్రము. కీటకముల దేహమున మలినములను వడకట్టి బయటికి పంపు సన్నని నాళికలుండును. వానిని మాల్పీజియన్ నాళికలందురు. ఈ పురుగున ఆ నాళికల కొనలు మాఱి, వెలుగునిచ్చు అంగముగా తయారైనవి. అక్కడ లూసిఫెరిన్ అను పదార్థము, ఒక ఎంజైము సాయమున ప్రాణవాయువుతో కలియును. అప్పుడు వెలుగు పుట్టును, వేడి పుట్టనట్లే. ఆ అంగము వెనుక సన్నని గాలిగొట్టముల పొర యొకటి యుండి, కాంతిని వెనుకకు పోనీయక క్రిందికి మరలించును. శ్రోతలారా, మలినమును తొలగించు అవయవమునుండియే ప్రకృతి దీపమును చేసికొన్నది. ఈ మాట తెలిసిన పిమ్మట ఆ గుహ నాకు చిన్నదైనదా? కాలేదు. మరింత పెద్దదైనది.

ఇంకొక ముచ్చట. స్టీఫెన్ జే గౌల్డ్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు వైటోమో గుహను చూచి, ఆ గుహలోని ఆకాశమునకును నిజమైన ఆకాశమునకును ఒక భేదమున్నదని కనిపెట్టెను. నిజమైన ఆకాశమున నక్షత్రములు గుంపులు గుంపులుగా నుండును. ఒకచోట కృత్తికలు మూగియుండును; ఒకచోట సప్తర్షులు తీరియుందురు; ఒకచోట ఏమియు లేక బోసిగా నుండును. గుహలోని ఆకాశమున గుంపులు లేవు, బోసి చోట్లు లేవు. చుక్కకు చుక్కకు నడుమ ఇంచుమించు ఒకే ఎడము. మన ఇంటి ఆడపడుచు వాకిట ముగ్గుకు చుక్కలు పెట్టినట్లు, ఎవరో కొలిచి పెట్టినట్లుండును. అందుచే అక్కడ ఎంత వెదకినను సప్తర్షులు దొరకరు.

కారణమేమి? ఆ పురుగులు ఒకదానినొకటి తినును. తమ దారములకు అందునంత దగ్గరకు వచ్చిన పొరుగుదానిని విడువవు. కాబట్టి ప్రతి పురుగును తన చుట్టును కొంత ఎడము ఉంచుకొనును. ఈ సంగతిని విన్న ఎడ్వర్డ్ పర్సెల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు కంప్యూటరుతో రెండు చిత్రములు గీయించెను. ఒకదానిలో చుక్కలను యాదృచ్ఛికముగా, ఏ నియమమును లేక చల్లించెను. రెండవదానిలో చుక్క ప్రక్కన చుక్క చేరరాదను నియమము పెట్టెను. నియమము లేని చిత్రములో గుంపులును, గీతలును, బొమ్మలును కనబడినవి. నియమమున్న చిత్రములో ఏ బొమ్మయు కనబడలేదు.

ఈ మాట మరల చెప్పెదను, నెమ్మదిగా వినుడు. ఏ నియమమును లేక చల్లిన చుక్కలలో మన కన్ను బొమ్మలు చూచును. నియమముతో పెట్టిన చుక్కలలో ఏ బొమ్మయు చూడదు. రాత్రి ఆరుబయట పడుకొని మనము నక్షత్రములలో ఋషులను, మృగమును, వేటగానిని చూచితిమి. ఆ అమరిక చాలవరకు యాదృచ్ఛికము. గుహలో మనకు ఏ రూపమును తోచదు. అక్కడ ప్రతి చుక్కయు తన పొరుగుతో లెక్క చూచుకొని నిలిచినది. గౌల్డ్ వ్రాసిన ఈ సంగతి చదివిన పిమ్మట నేను మరల ఆ గుహను తలచుకొంటిని. అప్పుడది వేరొక గుహయైనది. మొదట నేను చూచినది కాంతి. తరువాత చూచినది చుక్కకు చుక్కకు నడుమనున్న ఆ చీకటి ఎడము. ఆ ఎడములో ఆకలి యున్నది, భయమున్నది, ఒక లెక్క యున్నది. తెలియక మునుపు ఇది నా కంటికి ఆననే లేదు.

ఆ పురుగు బ్రతుకు కూడ తెలిసికొనుడు. గ్రుడ్డునుండి వెలువడిన క్షణమునుండియే అది వెలుగును. తొమ్మిది నెలల పాటు, ఒక్కొక్కప్పుడు ఏడాదిపాటు, వెలుగుచు తినుచు పెరుగును. తరువాత ప్యూపాగా మారి, సుమారు రెండు వారములు వ్రేలాడును. పిమ్మట రెక్కలుగల ఈగయై బయటికి వచ్చును. ఆ ఈగకు తినుటకు పనికివచ్చు నోరు లేదు. కొద్ది దినములు మాత్రమే బ్రతుకును. జతకూడి, ఆడది గ్రుడ్లు పెట్టి, మరణించును. తొమ్మిది నెలలు అది కూడబెట్టుకొన్నదంతయు ఆ కొద్ది దినముల కొరకే.

ఇట్టి అల్పప్రాణి మీద మన ఊపిరి కూడ భారమే. ఇక్కడనే ఆ బొగ్గుపులుసు వాయువు మరల వచ్చినది. మనము విడుచు ఊపిరిలో ఆ వాయువుండును. యాత్రికులు క్రిక్కిరిసినచో అది గుహలో పేరుకొని, చెమ్మతో కలిసి, సున్నపురాతి శిల్పములనే తినివేయగలదు. యుగయుగములుగా గుహను చెక్కిన ఉలియే, మితిమీరినచో గుహకు చేటగును. ద్వారములు తెఱచిపెట్టి గాలి ఆడనిత్తమా, చెమ్మ ఆరి పురుగులు చచ్చును, దారములు చిక్కుపడును. కాబట్టి అక్కడ పగలు రాత్రి యంత్రములు గాలిని కొలుచుచుండును. ద్వారమును ఎప్పుడు తెఱువవలెనో, ఎప్పుడు మూయవలెనో ఆ కొలతలను బట్టి నిర్ణయింతురు. యాత్రికుల సంఖ్యకు హద్దు విధింతురు. వెలుగు తగిలినచో పురుగులు తమ దీపములు తగ్గించుకొనును. ఫోటోలు వలదనుటకు అదియే కారణము. ఈ జాగ్రత్తలన్నియు తెలిసికొనుట వలన వచ్చినవే. తెలియని ప్రేమ దీపము పట్టుకొని దగ్గరకు పోవును. తెలిసిన ప్రేమ దీపమార్పి దూరముగా కూర్చుండును.

ఆ గుహ ప్రజలకు గూడ ఒక కథ యున్నది. 1906వ సంవత్సరమున ప్రభుత్వము ఆ గుహను తన అధీనమునకు తీసికొనెను. టినొరావు సంతతివారు దశాబ్దముల పాటు తమ పెద్దలు చూపిన గుహకు తామే అన్యులుగా నుండిరి. 1989లో ఆ భూమిని, గుహను వారికి మరల అప్పగించిరి. నేడక్కడ దారి చూపువారిలోను, పనిచేయువారిలోను పెక్కండ్రు టినొరావు, హుటి దంపతుల వంశమువారు. ఏ పూర్వులు తెప్ప మీద ఆ చీకటిలోనికి తొలిసారి పోయిరో, వారి బిడ్డలు నేడు మనలను చేయి పట్టి అదే చీకటిలోనికి తీసికొనిపోవుచున్నారు. గుహను గూర్చి వారు చెప్పు ప్రతి మాటలోను గర్వమున్నది, జాగ్రత్త యున్నది. ఆ యువకుడు పదేండ్ల పిల్లవాని ప్రశ్నకు మోకాళ్ళ మీద కూర్చుండి, ఓపికతో సమాధానము చెప్పెను. నేను చూచిన అద్భుతములలో అదియు ఒకటి.

శ్రోతలారా, వైటోమో పోవుట అందరికిని సాధ్యము కాదు. అవసరమును లేదు. తొలకరి రాత్రులలో మన పొలము గట్ల మీద, తోటలలో మిణుగురులు వచ్చును. అవి వెలుగుటకు కారణము ఆకలి కాదు. తమ జోడును పిలుచుకొనుట. వాని పిలుపును మన విద్యుద్దీపముల వెలుగు మ్రింగివేయుచున్నది. ఆ రాత్రులలో పనిలేని దీపమొకటి ఆర్పి, పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూపుడు. పిల్లవాడు ఏమిటదని అడిగినచో, పురుగని చెప్పి ఊరకుండకుడు. ఆ పెద్దావిడ వలె, ఎలా చేస్తోందో కనుక్కొమ్మని చెప్పుడు. మీకు తెలియనిచో ఇద్దరును కలిసి తెలిసికొనుడు.

భరతముని మరియొక మాట చెప్పెను. నాటకమున ఎన్ని రసములున్నను, చివరి సంధియందు అద్భుతరసమును నిలుపవలెనని ఆయన విధి. ఆరంభముననే ఆశ్చర్యపడుట సులభము. కథయంతయు తెలిసిన పిదప, ముడులన్నియు విడిన పిదప ఆశ్చర్యపడుట గొప్ప. ప్రకృతిని చూచుటకును ఇదియే తగిన క్రమమని నా నమ్మకము. మొదటిసారి చూచి ముగ్ధులగుడు. ఇంటికి వచ్చి, ఎట్లు, ఎందుకు అని అడిగి తెలిసికొనుడు. తెలిసికొనుటకు జంకకుడు, మీ ఆశ్చర్యమునకు దాని వలన ఏ హానియు రాదు. తరువాత మరల పోయి చూడుడు. ఆ రెండవ చూపు కొరకే మొదటి చూపు.